మంగళవారం బిళ్ళ

కంచరపాలెం,
19-3-2025, బుధవారం.

కుసుమా,

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మొదటి వాక్యమే సగం అబద్ధం ఎందుకులే అని మానేశాను. మిగతా సగం నిజమే. మర తిరుగుతోంది, శివరామకృష్ణ వాళ్ళు బాగున్నారు, నా మణికట్టు అతుక్కుంది.

ఆదివారం నువ్వు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడావు. నిజం చెప్పనా? నాకు "వదినా" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ వినపడలేదు. నువ్వు ఆగినప్పుడల్లా ఊఁ కొట్టాను. నవ్వినట్టు అనిపిస్తే నేనూ నవ్వాను. ముప్పై రెండేళ్ళు పిండిమర పక్కన నిలబడ్డ చెవులు, వాటిని తప్పుపట్టడానికి లేదు. ఫోన్లో అక్షరాలు కొడదామంటే పిండి వేళ్ళకి ఆ అద్దం పలకదు. రిటైరయ్యేదాకా పోస్టాఫీసులో ముద్రలు కొట్టినదానివి, నీకు ఉత్తరాలంటే చేదు కాదుగా. ఇకనుంచి ఇలాగే మాట్లాడుకుందాం. కాగితం మీద నువ్వెంత మెల్లగా మాట్లాడినా నాకు వినపడుతుంది.

కార్తీకమాసంలో పిండి డబ్బాతో సహా పడ్డానని నీకు తెలుసు. కట్టు విప్పాక శివ నన్ను సీతమ్మధారలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ స్కాన్ తీయించి, ఎముకలు గుల్లబారాయంది. ఇంకోసారి పడితే మణికట్టుతో పోదు, తుంటి విరుగుతుంది అంది. ఆ మాట గట్టిగా అంది కాబట్టి బాగా వినపడింది. వారానికి ఒక్క బిళ్ళ రాసింది. పరగడుపున గ్లాసుడు మంచినీళ్ళతో మింగాలి. ఇంకా చాలాసేపు చెప్పింది, నేను తలూపుతూ కూర్చున్నాను. మరకి సెలవు మంగళవారం కదా, ఆ రోజైతే గుర్తుంటుందని మంగళవారం పెట్టుకున్నాను. ఫిబ్రవరి అంతా ఏ గొడవా లేకుండా గడిచింది.

నెలాఖరుకి కళ్ళు మొదలయ్యాయి. ఒకటే దురద, నీళ్ళు. పిండి దుమ్ము పడక వచ్చిన అలర్జీ అని కళ్ళ డాక్టరు చుక్కల మందు ఇచ్చాడు. పొద్దున ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క. కళ్ళు తేటపడ్డాయి. కానీ అప్పటినుంచి మంగళవారం బిళ్ళ వేసుకుంటే చాలు, గుండెల్లో ఒకటే మంట. మెతుకు మింగితే లోపల ఎక్కడో పట్టేస్తోంది. బుధవారం మధ్యాహ్నానికి గానీ తగ్గదు. మూడు వారాలుగా ఇదే వరస. ఈ ఉత్తరం కూడా ఆ మంటతోనే రాస్తున్నాను. రెండు మందుల పేర్లూ కాగితం వెనక రాశాను, నీకేమైనా తెలుస్తుందేమో చూడు.

శివకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. నేను పడ్డ రోజు నుంచి వాడికి మర మూసెయ్యమ్మా అన్నది ఒక్కటే జపం. ఈ మర మీ అన్నయ్య పోర్టు ఉద్యోగంలో ఉండగా మా ఇద్దరి చేతులతో నిలబెట్టుకున్నది. ఆయన పోయాక ఒక్కదాన్నే నడుపుతున్నాను. ఇది ఆగిపోతే పొద్దున లేచి ఏం చెయ్యాలో నాకు తెలియదు. నాకు ఎముకలూ కావాలి, మరా కావాలి. రెండింట్లో ఏదీ వదిలే ఉద్దేశం లేదు.

మీ వదిన,
వెంకటరమణమ్మ


తణుకు,
25-3-2025.

వదినా,

నీ ఉత్తరం చదివాక గానీ నా కోపం పోలేదు. ఆదివారం నేను ఈయనకి షుగరు నాలుగు వందలు దాటిందని ఏడుస్తూ చెబుతుంటే నువ్వు ఫక్కున నవ్వావు. మా అన్నయ్య పోయాక ఈవిడ మనసు బండబారిపోయిందా అనుకుని రెండు రాత్రులు నిద్రపోలేదు. పోనీలే, ఇప్పుడు తెలిసింది. ఈయనకి తగ్గింది. నువ్వు ఇంకోసారి నవ్వక్కర్లేదు.

ఇక నీ మందుల సంగతి. మా వాటాలో అద్దెకున్న నీలిమ, డిగ్రీ చదివే అమ్మాయి, రెండు పేర్లూ ఫోన్లో కొట్టి చూసింది. ఎముకల బిళ్ళకీ అలర్జీ చుక్కలకీ పొసగకపోయే అవకాశం ఉండవచ్చు, మీ డాక్టరుని అడగండి అని ఉంది. ఇంకోచోట చూసినా అదే. మూడోచోటా అదే. నీలిమేమో "ఏ రెండు మందులు కొట్టినా కింద ఆ మాట ఉంటుంది ఆంటీ" అంది. చిన్నపిల్ల, దానికేం తెలుసు? ఏమీ లేకపోతే అడగమని ఎందుకు రాస్తారు?

నేను చెప్పినట్టు చెయ్యి. పోస్టాఫీసులో పార్శిలు ఎక్కడ తప్పిందో తెలియాలంటే మేం ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగేవాళ్ళం. నువ్వు కూడా రెండు వారాలు చుక్కలు పూర్తిగా ఆపి, బిళ్ళ ఒక్కటే వేసుకుని చూడు. మంగళవారం ఒక్కరోజు మానితే చాలదు. ముందురోజు వేసుకున్నది ఒంట్లో నిలవుంటుంది. మంట రాకపోతే దొంగ దొరికినట్టే. తర్వాత వీలు చూసుకుని డాక్టరమ్మని కూడా ఒక మాట అడుగు.

శివకి చెప్పనులే. నేను ఎప్పుడైనా నీ మాట దాటానా? (దాటాను. నీ పెళ్ళికి ముందు నువ్వు అన్నయ్యకి రాసిన కార్డులు నేనే ముందు చదివేదాన్ని.)

నీ ఆడపడుచు,
కుసుమకుమారి


కంచరపాలెం,
9-4-2025.

కుసుమా,

నువ్వు తపాలా ఉద్యోగం చేసి మమ్మల్ని మోసం చేశావు, డాక్టరీ చదవాల్సినదానివి. నువ్వు చెప్పినట్టే రెండు వారాలు చుక్కలు పూర్తిగా ఆపాను. ఏప్రిల్ ఒకటిన, నిన్న ఎనిమిదిన, బిళ్ళ ఒక్కటే మింగాను. కళ్ళ మందు పని లేదు కాబట్టి ఊరికే ఉండలేక మర రాళ్ళు తుడిచి, బెల్టు దుమ్ము దులిపి, గుమ్మం ముందు రైల్వే పట్టాల దాకా ఊడ్చాను. మంట లేదు. మధ్యాహ్నం పప్పన్నం మెత్తగా దిగింది. దొంగ దొరికాడు.

దొరికి ఏం లాభం? నా కళ్ళు చూస్తే నువ్వు పారిపోతావు. ఇక్కడ ఆవకాయ రోజులు మొదలయ్యాయి. పొద్దున్నుంచి ఎండుమిరపకాయలు, ఆవాలు తప్ప ఇంకో మాట లేదు. మరలో కారం పడుతుంటే కళ్ళు ఉబ్బి మూసుకుపోతున్నాయి. జాలరిపేట నుంచి చేపలమ్మే జోగమ్మ వస్తుంది, మిరపకాయలు పట్టించుకోడానికి. బుట్ట దింపి నా మొహం చూసి, "ఏటమ్మా, కళ్ళల్లో కారం పెట్టుకుని మాకు పిండి పట్టిత్తన్నావేటి? నా బుట్టలో సేపల కళ్ళే నీకంటే తేటగా ఉన్నాయి" అంది. వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత కళ్ళు నలుపుకుంటూ చెయ్యి చాపి బెల్టుకి జానెడు దూరంలో ఆపాను. జోగమ్మే చూసి కేకేసింది. ఆ సాయంత్రం మర కట్టేశాక చాలాసేపు నా చేతిని చూసుకున్నాను.

అందుకని నిర్ణయం తీసుకున్నాను. రెండూ పొసగవన్నప్పుడు ఒకటి వదలాలి. కళ్ళు లేకపోతే ఈ మర నడవదు. ఎముకలది రేపటి సంగతి, కళ్ళది ఈ గంట సంగతి. నిన్నటి బిళ్ళే ఆఖరిది. ఇవాళ పొద్దున మళ్ళీ చుక్కలు వేసుకున్నాను. డాక్టరమ్మని ఏం అడుగుతాను? ఆవిడ మాట్లాడుతుంది, నేను తలూపుతాను.

నీకు ఆవాల పిండి కావాలంటే రాయి. ఈసారి ఘాటు బాగుంది.

మీ వదిన,
వెంకటరమణమ్మ


తణుకు,
15-4-2025.

వదినా,

నీకు బుద్ధి ఉందా? పెద్దదానివని గౌరవించి ఇన్నేళ్ళూ అడగలేదు, ఇవాళ అడుగుతున్నాను. దొంగని పట్టుకోమంటే బిళ్ళని వెళ్ళగొట్టావా? తుంటి విరిగి మంచాన పడితే నీ కళ్ళు తేటగా ఉండి చూసేదేమిటి, ఇంటి కప్పా?

మా వీధిలో పోతమ్మగారని ఒకావిడ ఉండేది. బాత్రూంలో కాలు జారి తుంటి విరిగింది. బంగారంలాంటి మనిషి, ఎనిమిది నెలలు మంచం మీద ఉండి అలాగే పోయింది. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి కళ్ళు మూస్తే ఆవిడ మంచమే కనపడుతోంది. నువ్వు నాకు వదినవే కాదు. అమ్మ పోయాక నా జడ వేసినదానివి. నువ్వు లేకపోతే నాకు మీ ఊరితోనే పని లేదు.

ఉండబట్టలేక నిన్న శివకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. మంట సంగతి, చుక్కల సంగతి, బిళ్ళ మానేసిన సంగతి. వాడు "సరే అత్తా, నేను చూసుకుంటాను" అన్నాడు. వాడైతే డాక్టరు దగ్గరికి లాక్కెళ్తాడని నా ధైర్యం.

నన్ను తిట్టుకో, పర్వాలేదు. బిళ్ళ మాత్రం వేసుకో.

కుసుమ


కంచరపాలెం,
23-4-2025.

కుసుమకుమారిగారికి,

మీరు చేసిన మేలుకి ధన్యవాదాలు. మీ మేనల్లుడు ఆదివారం స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్ నుంచి కోడలితో సహా వచ్చాడు. మర ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి నా చేతికిచ్చాడు. మర మానేస్తే దుమ్ము ఉండదు. దుమ్ము లేకపోతే చుక్కలు అక్కర్లేదు. చుక్కలు లేకపోతే బిళ్ళ వేసుకోవచ్చు. కింద గీత గీసి, మర మూసేద్దాం అని రాశాడు. లెక్కల మాస్టారికి ఇచ్చి దిద్దించినా తప్పు దొరకదు. మోటారు, మిషన్లు కొనుక్కోడానికి గాజువాక నుంచి ఒకాయన్ని మాట్లాడాడు కూడా. మే నెలాఖరుకి వచ్చి పట్టుకెళ్తాడట. ఆవకాయ రోజులు అయ్యేదాకా ఆగమని నేను బతిమాలితే ఇచ్చిన గడువు అది.

"ఏంటమ్మా, ఇంకా ఎన్నాళ్ళు చేస్తావ్? ఎవరి కోసం చేస్తావ్?" అని గట్టిగా అరిచాడు. అది వినపడింది. నా కోసం రా, అన్నాను. వాడికి ఆ జవాబు జవాబులా అనిపించలేదు.

చెప్పనని మాటిచ్చి చెప్పావు కుసుమా. నువ్వూ వాడూ ఒకటై నా మర మూయించడానికే ఈ మందుల కథంతా అల్లారేమోనని కూడా అనిపించింది. మీ అన్నయ్య పెట్టిన మర కదా, నీ చేతులతోనే ఆపించావు. మంచిది.

మంగళవారం అంటే వారంలో నేను కాస్త నడుం వాల్చే ఒకే ఒక్క రోజు. పొద్దున లేచి బిళ్ళ మింగి, అలాగే వెనక్కి మంచం మీద పడుకుని కళ్ళల్లో చుక్కలు వేసుకుని, పైన తడిగుడ్డ కప్పుకుని, పావుగంటో ఇరవై నిమిషాలో కదలకుండా ఉండేదాన్ని. వారమంతా పనిలో నిలబడే వేసుకుంటాను, సగం బుగ్గ మీదే పోతుంది. ఆ ఒక్క రోజే మందు కంట్లో చల్లగా నిలిచేది. బయట రైలు వెళ్తే మంచం కదిలేది, చప్పుడు వినపడేది కాదు. నాకున్న సుఖం అంతే. నిన్న అదీ చెయ్యబుద్ధి కాలేదు. కూర్చుని మోటారు వైపు చూస్తూ ఉండిపోయాను.

ఇక ఉత్తరాలు రాయడం నీ ఇష్టం.

వెంకటరమణమ్మ


తణుకు,
29-4-2025, మంగళవారం.

వదినా,

గారు అని పిలిచి చంపేశావు. ఆ మాట దగ్గరే రెండు రోజులు ఏడ్చాను. మూడో రోజు ఉత్తరం మిగతాది చదివాను. ఇప్పుడు ఏడుపు లేదు. నేను చెప్పేది నిలబడి కాకుండా కూర్చుని, నిదానంగా చదువు.

బిళ్ళ మింగి పడుకునేదాన్ని అని రాశావు. మళ్ళీ చదువుకో ఆ వాక్యం. బిళ్ళ మింగి, పడుకునేదాన్ని.

ఆ బిళ్ళ మింగాక అరగంట దాకా పడుకోకూడదు వదినా. నిలబడాలి, లేకపోతే నిటారుగా కూర్చోవాలి. పడుకుంటే అది కిందకి దిగక గొంతుకీ పొట్టకీ మధ్య గొట్టంలో ఆగి అక్కడ కాలుస్తుంది. నీ మంట అదీ! ఫిబ్రవరిలో చుక్కలు లేవు, పడుకోలేదు, మంట లేదు. మార్చిలో చుక్కల కోసం పడుకున్నావు, మంట వచ్చింది. ఏప్రిల్లో చుక్కలు మానేసి రైలు పట్టాల దాకా ఊడ్చావు, మంట పోయింది. మనమేమో చుక్కలు దొంగ అన్నాం. నీ రెండు మందులకీ గొడవ లేదు. గొడవంతా బిళ్ళకీ నీ మంచానికీ. తప్పు పట్టాల్సింది తడిగుడ్డ కప్పుకుని పడుకున్న ఆ పావుగంటని.

ఇది నాకెలా తెలిసిందని అడుగుతావు. ఇక్కడే సిగ్గు విడిచి రాయాలి. బిళ్ళ పెట్టెలో మడతలు మడతలుగా చిన్న అక్షరాల కాగితం ఉంటుంది. భూతద్దం పెట్టి గంటసేపు చదివాను. ఆ పెట్టె నీది కాదు వదినా, నాది.

నాకూ స్కాన్ తీశారు. పోయిన అక్టోబరులో. నావీ గుల్లబారాయన్నారు. అదే బిళ్ళ రాశారు. తెచ్చి బీరువాలో చీరల కింద పెట్టాను. ఈయనకి చెప్పలేదు. వేసుకుంటే నేను ముసలిదాన్ని అయినట్టు ఒప్పుకోవాలి, అది మొదటి సంగతి. రెండోది భయం. నీ మంట గురించి చదవగానే, చూశావా, మంచిపని చేశాను అనుకున్నాను. అందుకే ఫోన్లో ఆ "ఉండవచ్చు" అన్న మాట కనపడితే దాన్ని పట్టుకుని వదల్లేదు. నీలిమ చెప్పింది వినలేదు. బిళ్ళది తప్పయితే నేను మానెయ్యడం ఒప్పవుతుంది కదా. నా పిరికితనంతో నీకు వైద్యం చేశాను. నీ బిళ్ళ మాన్పించింది నేను, నీ మర మీదికి తెచ్చింది నేను. నీ మర మూయించాలని మాత్రం కలలో కూడా అనుకోలేదు, అది నమ్ము.

ఇప్పుడు కూడా నా మాట విని మళ్ళీ బిళ్ళ మింగకు. నా డాక్టరీ అయిపోయింది. ఈ ఉత్తరం పట్టుకుని శివతో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. నువ్వు ఎలా పడుకునేదానివో దాచకుండా చెప్పు. ఆవిడ ఏం చెబితే అదే.

గాజువాక ఆయనకి మోటారు ఇవ్వకు.

నీ కుసుమ


కంచరపాలెం,
20-5-2025, మంగళవారం.
పొద్దున ఆరుంబావు.

కుసుమా,

ఇరవై రోజులు జవాబు రాయలేదు. మొదటి వారం కోపంతో, మిగతా రోజులు పనితో. ఇప్పుడు రెండూ తగ్గాయి.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఈసారి కుర్చీలో కూర్చోగానే, "అమ్మా, నాకు వినపడదు. పోయినసారి మీరు చెప్పింది ఒక్క ముక్క అర్థం కాలేదు, ఊరికే తలూపాను. రాసివ్వండి" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. పక్కన శివ తల దించుకున్నాడు. పోయినసారి వాడు బండి పెట్టడానికి వెళ్ళి బయటే ఉండిపోయాడు, తన తప్పు అనుకున్నాడు పిచ్చివాడు.

ఆవిడ నీ ఉత్తరం అంతా చదివింది. బిళ్ళకీ మంచానికీ గొడవ అన్న దగ్గర ఒకసారి, బీరువా చీరల దగ్గర ఒకసారి నవ్వింది. తర్వాత తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. తనకు తెలిసినంతలో ఈ రెండు మందులకీ ఒకదానితో ఒకటి గొడవ లేదు. చుక్కలు కంటిదగ్గరే పనిచేస్తాయి, ఒంట్లోకి వెళ్ళేది బహు స్వల్పం. బిళ్ళ మింగాక అరగంట నిలబడాలి, నడవాలి, లేదా నిటారుగా కూర్చోవాలి. ఆ అరగంటా మంచినీళ్ళు తప్ప కాఫీ కూడా వద్దు. ఆ తర్వాత ఏదైనా తిన్నాక గానీ నడుం వాల్చకూడదు. చుక్కలు కూర్చునే వేసుకోవచ్చు, తల వెనక్కి వంచితే చాలు. మళ్ళీ మంట వచ్చినా, మింగడం కష్టమైనా ఆపేసి వెంటనే రావాలి, వేరే దారి ఉంది. కన్ను నొప్పిగా ఎర్రబడి చూపు మసకబారితే మాత్రం పిండి దుమ్మేలే అనుకోకుండా రావాలట, ఎప్పుడైనా అరుదుగా ఈ బిళ్ళ కూడా ఆ పని చేస్తుందట. ఆఖర్న, చెప్పకుండా మందు మానేస్తే నాకు కోపం వస్తుంది అని రాసి కింద సంతకం పెట్టింది.

నాకు అప్పుడు బాగా అర్థమైంది. మరలో కారం పట్టిన వెంటనే బియ్యం పోస్తామా? మధ్యలో గుప్పెడు నూకలు వేసి తిప్పి, ఆ పైన బియ్యం పోస్తాం. కారమూ మంచిదే, బియ్యమూ మంచిదే. మధ్యలో కాస్త ఎడం ఉండాలి, అంతే. ఇది తెలిసి కూడా నేను మరకి చేసిన మర్యాద నా గొంతుకి చెయ్యలేదు.

బయటికొచ్చాక శివతో, నీ కాగితంలో చుక్కలు లేకపోతే అన్న లైనే తప్పురా, ఇక మర ఎందుకు మూయాలి అన్నాను. వాడు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుండిపోయాడు. నా చెవి దగ్గర నోరు పెట్టి, "బిళ్ళ గురించి కాదమ్మా. ఆ రోజు తలుపు తీసి చూస్తే నువ్వు కింద పడున్నావ్. ఒళ్ళంతా తెల్లటి పిండి. కదల్లేదు నువ్వు. పోయావనుకున్నాను" అన్నాడు. నలభై ఏళ్ళవాడు, దారిన పోయేవాళ్ళు చూస్తున్నా ఏడ్చాడు. వాడు మర మూయమన్నది నా మీద పెత్తనంతో అనుకున్నాను కుసుమా. భయంతో అని ఒక్కసారి కూడా అనుకోలేదు. వాడి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. అయినా మర మూయనని చెప్పాను.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. బరువు డబ్బా నేను ముట్టుకోకూడదు. జోగమ్మని అడిగాను. చేపల బుట్టతో ఊరంతా తిరగడం తనకీ కష్టంగా ఉందట. "బరువులు నానెత్తుతాను, మర నువ్వు సూసుకో. నాకు నీసు వాసన తప్పుతుంది, నీకు పడటం తప్పుతుంది" అంది. నేల మీద జారకుండా శివ గరుకు రాళ్ళు వేయించాడు. కోడలు మూతికీ కళ్ళకీ కట్టుకునే సరంజామా తెచ్చింది. అది పెట్టుకుంటే నేను ఉక్కు ఫ్యాక్టరీలో పనికి వెళ్తున్నట్టు ఉంటాను. గాజువాక ఆయనకి శివే ఫోన్ చేసి వద్దని చెప్పాడు.

ఇప్పుడు నీ సంగతి. నీమీద కోపం ఎప్పుడు పోయిందో చెప్పనా? చీరల కింద అని చదివినప్పుడు. నేను చెవుల సంగతి దాచాను, నువ్వు ఎముకల సంగతి దాచావు. ఇద్దరం కలిసి ఆ బిళ్ళ మీద నింద వేశాం. నేను పడితే ఎత్తడానికి నా కొడుకున్నాడు. నువ్వు పడితే ఎత్తడానికి ఆ షుగరు మనిషి ఒక్కడే కదే. ముందు మీ డాక్టరు దగ్గరికి వెళ్ళు, అక్టోబరు చీటీ ఇప్పుడు పనికొస్తుందో లేదో అడుగు. సరే అంటే వచ్చే మంగళవారమే మొదలుపెట్టు. ఈ విషయంలో నీ మాట నేను వినను. నీ జడ వేసినప్పుడు కూడా కదిలితే మొట్టికాయ పడేది, గుర్తుందా?

ఆరుంబావుకి బిళ్ళ మింగి, మర బల్ల మీద కాగితం పెట్టి నిలబడే ఇదంతా రాశాను. ఎడమ కాలు తిమ్మిరెక్కింది. మంట లేదు. గడియారంలో ఆరూ యాభై. ఇక ఇడ్లీ తిని, కూర్చుని చుక్కలు వేసుకోవాలి.

మీ వదిన,
వెంకటరమణమ్మ


తణుకు,
27-5-2025, మంగళవారం.

వదినా,

శుక్రవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కొత్త చీటీ రాశాడు. ఈయనకి చెప్పాను. నాకెందుకు చెప్పలేదని ఒక పూట అలిగి, సాయంత్రానికి మందుల షాపుకి తనే వెళ్ళాడు.

ఇప్పుడే మింగాను. గ్లాసులో నీళ్ళు సగం చీర మీద పోసుకున్నాను, మళ్ళీ నింపుకుని తాగాను. ఈయన ఎదురుగా కుర్చీ వేసుకుని నా మొహమే చూస్తున్నాడు. ఆ చూపు భరించలేక వంటింటి గట్టు దగ్గరికొచ్చి ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. నువ్వు కూడా ఇప్పుడు మర బల్ల దగ్గర నిలబడి ఉంటావు.

రాయడానికి వార్తలేమీ లేవు. ఇంకా ఇరవై రెండు నిమిషాలుంది. నిలబడే ఉన్నాను వదినా.

నీ కుసుమ